జిప్సీ కింద దూరి కొలిచాకే ఆర్డర్ పెట్టు

విజయవాడ,
ఆదివారం సాయంత్రం

చిట్టితల్లికి నాన్న ఆశీస్సులు.

మేమిద్దరం బాగున్నాం. మీ అమ్మకి మోకాలి నొప్పి తగ్గింది. ఆవకాయ జాడీ తనే ఎత్తి అటక మీద పెట్టిందంటే ఎంత తగ్గిందో నువ్వే అర్థం చేసుకో.

నువ్వు పంపిన ఫొటో చూశాను. నీ జిప్సీ జీపుకి చూసిన ఆ బంప్ స్టాప్‌లు, అదే, చక్రం మరీ పైకి ఎగిరితే ఆపే దిమ్మలు, దానిమ్మ గింజల్లా ఎర్రగా మెరిసిపోతున్నాయి. కింద “నాన్నా, పాలీయూరిథేన్, 90 ఎ, ఆర్డర్ పెట్టేయనా?” అని అడిగావు. వాయిస్ మెసేజ్‌లో చెబుదామని మొదలుపెట్టి మూడుసార్లు చెరిపేశాను. ఇలాంటివి రాస్తేనే నాకు కుదురుగా వస్తుంది. ఒక్క ముక్కలో చెప్పాలంటే, ఇప్పుడే పెట్టకు.

వంజంగి కొండ దిగుతుంటే ముందు ఎడమవైపు ఇనుము మీద ఇనుము కొట్టినట్టు ఠంగుమంది అన్నావు కదా. నీ ఫొటోలో పాత రబ్బరు సగం ఊడిపోయి ఉంది, మిగతా సగం ఎండిన చెరువు అడుగులా పగిలి ఉంది. అంటే చక్రం పైకి ఎగిరినప్పుడు యాక్సిల్ (ఇరుసు) నేరుగా ఛాసిస్‌నే కొడుతోంది. అది మార్చాల్సిందే, అందులో సందేహం లేదు. కాకపోతే ఏది పెట్టాలో రంగు, నంబరు చూసి తేల్చేది కాదు. నీ బండి కింద ఎంత ఖాళీ ఉందో చూసి తేల్చేది.

ఆటోనగర్‌లో లారీ మీంచి బస్తా అందుకునే హమాలీని చిన్నప్పుడు నువ్వు నోరు తెరుచుకుని చూసేదానివి. బస్తా భుజం మీద పడే క్షణంలో అతను మోకాళ్లు కొంచెం వంచుతాడు. బిగదీసుకుని నిలబడితే నడుము పోతుంది. బస్తా అదే, బరువూ అదే, ఆగడానికి ఇచ్చిన చోటే తేడా. బంప్ స్టాప్ చేసే పనీ అదే. అది చక్రాన్ని ఆపాలి, కానీ కాస్త చోటిచ్చి ఆపాలి. నువ్వు చూసిన 90 ఎ గట్టి దిమ్మ బిగదీసుకుని నిలబడే రకం. ఆ అంకె షోర్ కొలత, అంటే ముక్క ఎంత గట్టిదో చెప్పేది. మామూలు టైరు ట్రెడ్ రమారమి 60, 70 మధ్య ఉంటుంది. 90 అంటే వేలితో నొక్కితే లొంగేది కాదు. చక్రాన్ని ఆపుతుంది, నిజమే. కానీ దెబ్బంతా ఛాసిస్‌కి, అక్కణ్ణించి నీ నడుముకి వస్తుంది. రంగుకీ గట్టిదనానికీ సంబంధం లేదు, ఎరుపు అందులో కలిపిన రంగు మాత్రమే.

పాలీయూరిథేన్ అంటే కొత్తగా వచ్చిందేదో అనుకోకు. 1937లో జర్మనీలో ఒట్టో బేయర్ అనే ఆయన కనిపెట్టాడు, నాకంటే వయసులో పెద్దది. ఇందులో మనకి పనికొచ్చేవి రెండు రకాలు. ఒకటి నువ్వు చూసిన పోత దిమ్మ. రెండోది లోపలంతా సన్నటి గాలి గదులుండే నురగ రకం, మైక్రోసెల్యులార్ అంటారు. కార్ల ముందు స్ట్రట్ (స్ప్రింగూ షాకూ కలిసుండే భాగం) విప్పితే రాడ్డు మీద లేత పసుపు రంగు గొట్టం ఒకటి కనిపిస్తుంది చూడు, అదే ఇది. కోసి చూస్తే బ్రెడ్డు ముక్కలా ఉంటుంది, ఇంకా సన్నటి రంధ్రాలతో. గట్టి దిమ్మ నొక్కుకుంటే పక్కలకి ఉబ్బుతుంది. దీంట్లో గాలి గదులు మూసుకుంటాయి కాబట్టి పెద్దగా ఉబ్బకుండానే సగానికి పైగా కుంగుతుంది. మొదట మెత్తగా లొంగి, పోనుపోను గట్టిపడుతుంది. రాళ్లలో తిరిగే నీలాంటి దానికి ఇదే మేలని నా మాట. గట్టి దిమ్మ పెట్టాల్సిందే అంటే, కొస సన్నగా మొదలు లావుగా ఉండే శంకువు ఆకారంలో, ఇంకా తక్కువ అంకెది చూడు.

నురగ రకానికీ ఒక జబ్బుంది. మీ వైజాగ్ ఉక్కపోతలో కొన్నేళ్లకి కొన్ని పాడవుతాయి. పైకి బాగానే కనిపిస్తుంది, చేత్తో పట్టుకుంటే నానిన అటుకుల్లా రాలిపోతుంది. పాలీయెస్టర్‌తో చేసిన వాటికి ఈ బాధ ఎక్కువ, పాలీఈథర్‌తో చేసినవి తడికి బాగా ఓర్చుకుంటాయి. అమ్మేవాణ్ణి ఆ ఒక్క ప్రశ్న అడుగు. తెలియక తడబడితే వేరే షాపు చూసుకో.

ఇక కొలత. దీనికి మాత్రం అరపూట కేటాయించు, అల్లుడుగారిని కూడా రమ్మను. బండి చదునైన చోట నిలబెట్టు. నువ్వు వేసిన 235/75 ఆర్ 15 టైర్లు పాత 205/70 కంటే వ్యాసార్థంలో దాదాపు 33 మిల్లీమీటర్లు పెద్దవి. అంటే టైరు మడ్‌గార్డ్‌ని అంత ముందే అందుకుంటుంది. కమాన్ కట్టలు లేపించి రెండంగుళాలు ఎత్తించాను కదా, ఇంక బంప్ స్టాప్‌తో పనేంటి అని పోయిన నెల అన్నావు. పని పెరిగింది అమ్మా, తగ్గలేదు. ఎత్తుకి తగ్గట్టు పొడుగు షాక్ అబ్జార్బర్లు వేశారు. పూర్తిగా ముడుచుకున్నా అవి పాతవాటంత పొట్టిగా అవ్వవు. పాత చోటే బంప్ స్టాప్ ఉంటే దానికంటే ముందే షాక్ లోపల అడుగుకి కొట్టుకుంటుంది.

ఒక లెక్క చెబుతాను, నీ అంకెలు వేరుగా వస్తాయి. షాక్ రాడ్డు బయటికి 110 మిల్లీమీటర్లు కనిపిస్తోంది అనుకో. షాక్ అడుగుకి కొట్టుకోకుండా చివర్న 15 వదిలేయి, 95 మిగిలింది. టైరు పైకెళ్లి మడ్‌గార్డ్‌ని తాకడానికి 90 ఉంది. రెండిట్లో చిన్నది 90. షాక్ ఏటవాలుగా ఉంటుంది కాబట్టి రాడ్డు కొలతా యాక్సిల్ కదలికా ఒకటే కావు, అందుకే చివర్న జాకీతో ఎత్తి చూడమంటాను. 60 ఎత్తున్న నురగ ముక్క గట్టి దెబ్బకి 35 కుంగుతుందనుకుంటే, మామూలుగా నిలబడ్డప్పుడు దానికీ యాక్సిల్ హౌసింగ్‌కీ (ఇరుసు పైనుండే ఇనుప తొడుగుకీ) మధ్య 55 ఖాళీ ఉండాలి. అదే ఎత్తున్న గట్టి దిమ్మ 15 కుంగితే ఖాళీ 75 కావాలి, పైగా ఆ దెబ్బంతా 15 మిల్లీమీటర్లలోనే అణగాలి. ఖాళీ ఎక్కువైతే స్టాప్‌కి పైన ఇనుప స్పేసర్ (ఎత్తు పెంచే ముక్క) వేయిస్తాం. తక్కువైతే పొట్టి ముక్క తీసుకుంటాం. చూశావా, కొలిస్తే గానీ ఏది కొనాలో తెలియలేదు.

జాకీతో ఎత్తి చూడాలంటే కట్టలో మెయిన్ పట్టీ ఒక్కటే ఉంచి మిగతావి తీసేసి, యాక్సిల్‌ని మెల్లగా పైకి తీసుకెళ్లాలి. ఒకసారి రెండువైపులా, ఇంకోసారి ఒకవైపే. కొండలో బండి ఎక్కువగా అడ్డంగా మెలిపడుతుంది కాబట్టి ఒకవైపుది మరీ ముఖ్యం. ముందు చక్రాలకైతే స్టీరింగ్ పూర్తిగా ఎడమకీ కుడికీ తిప్పి చూడు. బ్రేక్ హోస్ లాక్కుంటోందా, ప్రొపెల్లర్ షాఫ్ట్ ఎక్కడైనా తగులుతోందా అని టార్చి వేసి చూడు. ఛాసిస్ కింద స్టాండ్లు పెట్టకుండా ఒట్టి జాకీ మీద మాత్రం దూరొద్దు. ఈ విషయంలో నాతో వాదన వద్దు.

నా తప్పు ఒకటి చెప్పాలి. నీకు నాలుగేళ్లప్పుడు మన పాత జీపుకి వెనక టకటకమనే చప్పుడొచ్చేది. చూస్తే రబ్బరు దిమ్మ ప్రతి గుంతకీ తగులుతోంది. నేనేమో తెలివిగా ఆ రబ్బరే పీకేశాను. చప్పుడు పోయింది, బండి మెత్తగా ఉందని సంబరపడ్డాను. మారేడుమిల్లి ఘాట్‌లో ఒక గుంత పడగానే షాక్ రాడ్డు వంగింది, ఆయిలంతా కారిపోయింది, కట్టలో రెండు పట్టీలు విరిగాయి. నువ్వు వెనక సీట్లో నిద్రపోతున్నావు, లేవను కూడా లేదు. మీ అమ్మ మాత్రం రాజమండ్రి దాకా నాతో ఒక్క మాట మాట్లాడలేదు. అసలు కారణం కట్టలు చతికిలబడి ఉండటం. అందుకే, మామూలు స్పీడ్ బ్రేకర్ మీద కూడా నీ బంప్ స్టాప్ తగులుతుంటే ముందు కట్టల సంగతి చూడు. కొత్త దిమ్మలు ఆ తర్వాత.

బిగించేటప్పుడు పాత బోల్టులు తీశాక స్టాప్ కూర్చునే బ్రాకెట్‌ని వైరు బ్రష్‌తో ఇనుము కనిపించేదాకా రుద్దించు. చిన్న సుత్తితో తట్టి విను. ఖణ్‌మంటే మంచిది. మొద్దుగా, తడి చెక్కని తట్టినట్టు వినిపిస్తే లోపల తుప్పు తినేసింది. సముద్రం పక్కన తిరిగిన జిప్సీలకి ఇది మామూలే. అలాంటి చోట కొత్త స్టాప్ పెడితే మొదటి దెబ్బకే వెల్డింగ్ చీలిపోతుంది. వెల్డింగ్ చేయించాల్సొస్తే బ్యాటరీ తీగ విప్పించు, పాలీ ముక్కని దూరంగా పెట్టించు. అది కాలితే వచ్చే పొగ విషం. నట్టు బిగుతుగా ఉంటే చాలు, దిమ్మ నలిగేదాకా తిప్పకూడదు. లాక్ నట్టు వేయించు, మామూలు నట్టు అదురుకి ఊడొస్తుంది.

తర్వాత షాక్ రాడ్డుకి చిన్న ప్లాస్టిక్ టై ఒకటి బిగించి కింద దాకా జరుపు. స్టాప్ కొసకి సుద్ద పూయి. పాడేరు ఘాట్ ఒకసారి ఎక్కి దిగు, అలవాటైన వేగంతోనే. టై ఎక్కడిదాకా జరిగిందో, సుద్ద హౌసింగ్ మీద ఎంత వెడల్పున అంటుకుందో ఫొటో తీసి పంపు. ముద్ర ఒక పక్కకే పడితే స్టాప్ వంకరగా కూర్చున్నట్టు.

ఇప్పటికి నాకు కావాల్సినవి నాలుగు చక్రాల దగ్గరా రాడ్డు కొలత, మడ్‌గార్డ్ కొలత, పాత రబ్బరుకీ హౌసింగ్‌కీ మధ్య ఖాళీ. మొత్తం పన్నెండు అంకెలు. పెట్రోలు ట్యాంకు ఎంత నిండిందో, వెనక సామానుందో లేదో కూడా రాయి. అవి వచ్చాక ఏ ముక్క, ఎంత స్పేసర్ అనేది ఇక్కడ కూర్చుని లెక్క వేస్తాను. వచ్చే శనివారం రత్నాచల్‌కి మీ అమ్మా నేనూ వస్తున్నాం. సుత్తి, వైరు బ్రష్ నా సంచిలోనే ఉంటాయి, నువ్వు కొనకు. ఆవకాయ కూడా తెస్తున్నాం, చిన్న జాడీ ఒకటి కడిగి ఆరబెట్టి ఉంచు.

ఇట్లు,
మీ నాన్న