లూపస్‌ను ప్రభుత్వం గుర్తించాలి: ఆరోగ్య శాఖ మంత్రివర్యులకు బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర వైద్య, ఆరోగ్య, కుటుంబ సంక్షేమ శాఖ మంత్రివర్యుల సముఖమునకు,

గౌరవనీయులైన మంత్రిగారికి నమస్కారములు.

ప్రపంచ లూపస్ దినాన్ని 2004 నుంచి ఏటా మే 10వ తేదీన జరుపుతున్నారు. మన రాష్ట్రంలో ఆ రోజు ఎప్పుడు వచ్చిందో, ఎప్పుడు పోయిందో పల్లెల్లో ఎవరికీ తెలియదు. దానిని ప్రభుత్వమే అధికారికంగా పాటించేలా ఉత్తర్వులు ఇవ్వాలని, ఆ ఉత్తర్వు కాగితం మీదే ఉండిపోకుండా గ్రామ ఆరోగ్య కేంద్రం దాకా చేరేలా చూడాలని కోరుతూ తమరికి ఈ లేఖ రాస్తున్నాను. నేను గుంటూరు జిల్లాలో ఉన్నత పాఠశాల ఉపాధ్యాయుడిని. మా చెల్లెలు లూపస్ రోగి.

లూపస్ అంటువ్యాధి కాదు, కేన్సరూ కాదు. బయటి క్రిముల నుంచి కాపాడవలసిన రోగనిరోధక వ్యవస్థ సొంత ఒంటి మీదికే తిరగబడడం వల్ల వచ్చే దీర్ఘకాలిక జబ్బు. చర్మం, కీళ్లు, రక్తకణాలు, గుండె చుట్టూ ఉండే పొర, ఊపిరితిత్తులు, మెదడు, మూత్రపిండాలు, వీటిలో దేనినైనా అది దెబ్బతీయగలదు. ప్రతి పదిమంది రోగుల్లో దాదాపు తొమ్మిది మంది స్త్రీలే. వారిలోనూ ఎక్కువమందికి 15 నుంచి 45 ఏళ్ల లోపు, అంటే చదువు, పెళ్లి, కాన్పు, పిల్లల పెంపకం అన్నీ ఉండే వయసులో అది బయటపడుతుంది.

ఒకరికి వచ్చినట్టు మరొకరికి రాకపోవడం వల్ల దీన్ని పసిగట్టడం కష్టమవుతోంది. బుగ్గల మీదా ముక్కు దూలం మీదా ఎర్రగా కందితే ఇంట్లోవాళ్లు మంగు అనుకుంటారు, మెడికల్ షాపులో అడిగి ఏదో ఒక స్టెరాయిడ్ క్రీము తెచ్చి రాస్తారు. పొద్దున లేవగానే వేళ్లు ముడుచుకోకపోతే వాతం అంటారు. జుట్టు ఊడితే నీళ్లు పడలేదంటారు. నోట్లో పుండ్లకు బి కాంప్లెక్స్ మాత్రలు, విడవని జ్వరానికి టైఫాయిడ్ మందులు, నీరసానికి సెలైన్. ఒక్కొక్క లక్షణానికి ఒక్కొక్క మందు దొరుకుతుంది గాని, ఇవన్నీ ఒకే మనిషిలో ఎందుకు కనబడుతున్నాయని అడిగేవారు దొరకరు. ఊళ్లో ఆర్‌ఎంపీ ఇచ్చే స్టెరాయిడ్ ఇంజెక్షన్‌తో నొప్పులు నాలుగు రోజులు తగ్గుతాయి. ఆ తగ్గడమే చాలామందిని పెద్ద డాక్టరు దగ్గరికి పోకుండా ఆపుతోంది.

మా చెల్లెలి విషయంలోనూ ఇదే జరిగింది. మిరపకోతలకు వెళ్లి వచ్చిన ప్రతిసారీ ముఖం మండుతోందని, సాయంత్రానికి ఒళ్లు వెచ్చబడుతోందని ఆమె చెప్పేది. ఎండ దెబ్బ అని మజ్జిగ తాగించాం. ఎండ తగిలితే లూపస్ రేగుతుందని మాకు ఎవరూ చెప్పలేదు. చివరికి పాదాలకు నీరు పట్టి, మూత్రంలో సబ్బు నురగలాంటిది కనబడడం మొదలైన తర్వాత ఒక వైద్యురాలు ముందుగా చేసిన పని చిన్న సీసాలో మూత్రం పట్టించి, అందులో ఒక కాగితపు స్ట్రిప్ ముంచడం. పసుపు రంగులో ఉన్న గడి మా కళ్ల ముందే ముదురు ఆకుపచ్చకు తిరిగింది. ప్రోటీన్ పోతోందని, కిడ్నీలు దెబ్బతింటున్నాయని అప్పుడు తెలిసింది. ఆ తర్వాత రక్తపరీక్షలు, కిడ్నీ బయాప్సీ జరిగాయి. ఆ స్ట్రిప్‌కు అయ్యే ఖర్చు చాలా స్వల్పం. అది అంతకు ఎంతో ముందే, మా ఊరి ఆరోగ్య కేంద్రంలోనే చేయదగిన పరీక్ష.

లూపస్ రోగుల్లో దాదాపు సగం మందికి ఎప్పుడో ఒకప్పుడు మూత్రపిండాలు దెబ్బతింటాయి. తొలిదశలో నొప్పి ఉండదు కాబట్టి మనిషికి ఏమీ తెలియదు. తెలుసుకుని మందులు మొదలుపెడితే చాలామందిలో కిడ్నీలను కాపాడవచ్చు. ఆలస్యమైతే మిగిలేది డయాలసిస్. మంత్రిగారూ, నా మనవి అంతా ఇక్కడే ఉంది. కిడ్నీలు పూర్తిగా పాడైన రోగిని మన ప్రభుత్వం గుర్తిస్తుంది, ఉచితంగా డయాలసిస్ చేయిస్తుంది, పింఛను ఇస్తుంది. అందుకు కృతజ్ఞతలు. కానీ అదే మనిషి కిడ్నీలు ఇంకా పనిచేస్తున్న రోజుల్లో, ఆమెను ఆ స్థితికి తెచ్చే జబ్బుకు ప్రభుత్వ లెక్కల్లో చోటు లేదు. కాపాడగలిగినప్పుడు చూడకుండా, చేజారిన తర్వాత ఆదుకోవడం ఖజానాకూ భారమే, కుటుంబానికీ నష్టమే.

ప్రభుత్వ గుర్తింపు ఎంత పని చేస్తుందో శ్రీకాకుళం జిల్లా ఉద్దానం చూసిన మనకు వేరే రుజువు అక్కరలేదు. కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు, మందస ప్రాంతాల్లో ఏళ్ల తరబడి మనుషులు కిడ్నీలు చెడి చనిపోయారు. దాన్ని ప్రజారోగ్య సమస్యగా ప్రభుత్వాలు ఒప్పుకున్న తర్వాతే డయాలసిస్ కేంద్రాలు, పింఛన్లు, రక్షిత తాగునీటి పథకం, 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆస్పత్రి, పరిశోధన కేంద్రం వచ్చాయి. అక్కడి జబ్బుకు కారణం ఇదీ అని శాస్త్రవేత్తలు ఇప్పటికీ తేల్చలేదు, అయినా ప్రభుత్వం అంతదాకా ఆగలేదు. లూపస్‌కు నిర్ధారణ పరీక్షలున్నాయి, మందులున్నాయి. లేనిది గుర్తింపు ఒక్కటే.

మందుల విషయం కొంచెం వివరంగా చెప్పాలి. 1950లలో లూపస్ వచ్చినవారిలో ఐదేళ్లు బతికేవారు సుమారు సగం మందే. నేడు సకాలంలో మంచి వైద్యం అందినచోట పదేళ్లు దాటి బతుకుతున్నవారు దాదాపు 90 శాతం. ఈ మార్పులో మలేరియాకు వాడిన హైడ్రాక్సీక్లోరోక్విన్ పాత్ర చాలా ఉంది. అది జాతీయ అత్యవసర మందుల జాబితాలోనూ ఉంది. రోగి దాన్ని నెలో రెండు నెలలో కాదు, ఏళ్ల తరబడి మానకుండా వేసుకోవాలి. 2020 మార్చిలో కోవిడ్ నివారణకు అది పనికొస్తుందన్న ఆశతో దేశమంతా దాని కోసం ఎగబడింది. ఆ నెలాఖరున కేంద్రం దాన్ని, డాక్టరు చీటీ లేనిదే అమ్మకూడని మందుల జాబితా అయిన షెడ్యూల్ హెచ్1లో చేర్చింది, ఎగుమతులను నియంత్రించింది. మా పట్టణంలో ఏ మందుల షాపులో అడిగినా స్టాకు లేదన్నారు, ఉన్న మాత్రలను రోజు విడిచి రోజు వేసుకుంటూ మా చెల్లెలు నెట్టుకొచ్చింది. ఆ మందు ప్రాణాధారమైనవారు రాష్ట్రంలో ఎందరున్నారో, ఎక్కడున్నారో తెలిపే జాబితా ఉండి ఉంటే వారి కోసం కొంత నిల్వ పక్కన పెట్టడం కష్టమయ్యేది కాదు.

ఈ జబ్బు వల్ల ఆడపిల్లలు పడే అవమానం ఏ వైద్య నివేదికలోనూ కనబడదు. పెళ్లి కుదరదన్న భయంతో కన్నవాళ్లు జబ్బు సంగతి దాస్తారు. అత్తవారింట్లో మాత్రలు చాటుగా మింగలేక మానేసిన అమ్మాయిలను ఆస్పత్రి వరండాల్లో చూశాను. కొందరు రోగుల్లో రక్తం గడ్డకట్టించే యాంటీబాడీలు ఉండి గర్భాలు నిలవవు, ఆ నెపం కోడలి మీద పడుతుంది. గర్భిణిగా ఉన్నప్పుడు బీపీ పెరిగి మూత్రంలో ప్రోటీన్ పోతే అది గుర్రపువాతానికి దారితీసే లక్షణమా, లేక లూపస్ వల్ల కిడ్నీ దెబ్బతింటున్న సూచనా అన్న అనుమానమే చాలాచోట్ల రాదు. లూపస్ ఉంటే పిల్లలు పుట్టరన్నది తప్పు. జబ్బు కనీసం ఆరు నెలలు అదుపులో ఉన్న తర్వాత, బిడ్డకు హాని చేసే మైకోఫెనొలేట్ వంటి మందులను వైద్యుల సలహాతో ముందే మార్చుకుని గర్భం దాల్చితే, ఎక్కువమంది క్షేమంగా కంటారు. ఈ నాలుగు మాటలు పెద్ద ఆస్పత్రి డాక్టరు చెప్పడం కన్నా ఊళ్లో ఆశా కార్యకర్త అత్తగారి ఎదుట చెబితే ఆ ఇంట్లో ఎక్కువగా పనిచేస్తాయి.

2022 అక్టోబరులో నటి సమంత తనకు మయోసైటిస్ (రోగనిరోధక వ్యవస్థ కండరాల మీదికి తిరగబడే జబ్బు) ఉందని స్వయంగా వెల్లడించిన తర్వాత, అంతవరకు వైద్యులకే తెలిసిన ఆ జబ్బు పేరు తెలుగువాళ్ల ఇళ్లలో వినబడింది. ఆమె ధైర్యం మెచ్చదగినది. కానీ ఒక జబ్బు గురించి ప్రజలకు తెలియాలంటే పేరున్నవారికి ఆ జబ్బు రావాలన్న పరిస్థితి ఉండకూడదు. ఆ బాధ్యత ప్రభుత్వానిది.

బీపీ, షుగర్, నోటి, రొమ్ము, గర్భాశయ ముఖద్వార కేన్సర్ల కోసం ఆరోగ్య సిబ్బంది ఇప్పటికే ఇంటింటికీ తిరుగుతున్నారు. అందరికీ లూపస్ పరీక్షలు చేయమని నేను కోరడం లేదు. లూపస్ అనుమానం ఉంటే ముందుగా చేసే ఏఎన్ఏ అనే రక్తపరీక్ష ఆరోగ్యవంతుల్లో కూడా కొందరికి పాజిటివ్ వస్తుంది కాబట్టి అలా చేస్తే అనవసరమైన భయమే మిగులుతుంది. ఎండకు రేగే ముఖపు మచ్చ, విడవని కీళ్ల నొప్పులు, నోటిపూత, కారణం తెలియని జ్వరం, వీటిలో రెండు మూడు కలిసి ఉన్న యువతి కనబడితే బీపీ చూసి, మూత్రం స్ట్రిప్‌తో పరీక్షించి, పై ఆస్పత్రికి పంపాలని ఏఎన్ఎంలకు, ఆశా కార్యకర్తలకు శిక్షణలో నేర్పితే చాలు. పంపిన తర్వాత చూడడానికి వైద్యులు కూడా ఉండాలి. ఇలాంటి జబ్బులను, కీళ్ల జబ్బులను చూసే నిపుణులైన రుమటాలజిస్టులు పెద్ద నగరాలకే పరిమితమైనందున, ప్రతి జిల్లా ప్రభుత్వ ఆస్పత్రిలో నెలకు ఒక నిర్ణీత రోజునైనా లూపస్ ఓపీ నడపాలి.

ఎన్టీఆర్ వైద్య సేవ ఆస్పత్రిలో చేరినవారికి పెద్ద అండ. లూపస్ రోగి ఖర్చు మాత్రం చాలావరకు ఇంటి దగ్గరే, నెలనెలా మాత్రలకూ పరీక్షలకూ అవుతుంది. టీబీ, హెచ్ఐవీ మందులు ఇస్తున్నట్టే లూపస్ మందులను కూడా ప్రభుత్వ ఆస్పత్రుల్లో ప్రతి నెలా ఉచితంగా ఇవ్వాలని, అందుకోసం రోగుల రిజిస్టరు తెరవాలని వేడుకుంటున్నాను. మరొకటి తమ చేతిలో పూర్తిగా లేదని తెలుసు, అయినా అడుగుతున్నాను. దివ్యాంగుల హక్కుల చట్టం-2016 గుర్తించిన 21 రకాల వైకల్యాలలో లూపస్ లేదు. కొత్త వాటిని నోటిఫై చేసే అధికారం అదే చట్టం కేంద్రానికి ఇచ్చింది. లూపస్ వల్ల చేతులు, కళ్లు, మెదడు, మూత్రపిండాలు శాశ్వతంగా దెబ్బతిన్నవారి కోసం రాష్ట్ర ప్రభుత్వం కేంద్రానికి లేఖ రాస్తే ఆ మాటకు బరువుంటుంది.

వచ్చే మే 10వ తేదీకి ముందే ఉత్తర్వులు వెలువడేలా చూడాలని, ఆ రోజున ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రం గోడ మీద లూపస్ లక్షణాలు తెలిపే తెలుగు పోస్టరు ఉండేలా, అక్కడికి వచ్చే యువతులకు మూత్ర పరీక్ష జరిగేలా ఆదేశించాలని ప్రార్థిస్తున్నాను. పోస్టరులో రాయవలసిన విషయాన్ని సరళమైన తెలుగులో సిద్ధం చేసే పని అప్పగిస్తే, నేనూ నా తోటి ఉపాధ్యాయులూ వైద్యుల పర్యవేక్షణలో ఉచితంగా చేసి ఇస్తాం.

ఇట్లు
తమ విధేయుడు,
ఒక లూపస్ రోగి అన్న,
గుంటూరు జిల్లా