పేగును పట్టే పరికరంపై పట్టింపు ఉండాలి

సంపాదకులకు నమస్కారం.

తిరుపతి, చిత్తూరు ఆసుపత్రుల ఆపరేషన్ థియేటర్లలో 26 ఏళ్లు నర్సుగా పనిచేసి రిటైరైన నేను, కత్తి మీద పెట్టే శ్రద్ధ ఫోర్సెప్స్ (కణజాలాన్ని పట్టి ఉంచే పట్టకారు వంటి పరికరం) మీద పెట్టకపోవడం చూసి బాధతో ఈ లేఖ రాస్తున్నాను. మొనలో పళ్లుండే ఆలిస్ ఫోర్సెప్స్ గట్టి పొరలను, కోసి తీసివేయబోయే కణజాలాన్ని పట్టడానికి సరిపోతుంది. పేగును పట్టాలంటే మొన గుండ్రంగా, మధ్యలో ఖాళీగా ఉండే బాబ్‌కాక్ కావాలి. రక్తనాళానికైతే డిబేకీ ఉండాలి. దాని ఒక అంచు మీది రెండు సన్నని గాట్ల వరుసల నడుమ రెండో అంచు వరుస కుదురుకోవడం వల్ల నాళం నలగదు, జారదు.

ఒక నర్సింగ్ హోములో బాబ్‌కాక్ మొనలు సరిగా కలవక పేగు జారిపోతుంటే, డాక్టరుగారు వేరే దారిలేక ఆలిస్ అందుకున్నారు. పేగు పైపొర మీద వరుసగా తేలిన రక్తపు చుక్కలు నాకింకా కళ్లముందే ఉన్నాయి. అదృష్టం బాగుండి రెండు కుట్లతో పోయింది.

మొనలు మూసి వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే సందు ఇట్టే కనిపిస్తుంది. సెలైన్‌లో నానబెడితే స్టెయిన్‌లెస్ స్టీలుకైనా గుంటలు పడతాయి. లాక్ వేసి, ఆవిరితో క్రిములను చంపే ఆటోక్లేవ్‌లో పెడితే ఆవిరి అన్ని వైపులా అందదు, కీలు పగిలే ప్రమాదమూ ఉంది. తక్కువ ధర టెండరును ఖాయం చేసే ముందు థియేటర్ నర్సుకు మొనలు చూపించాలని, వంగినవాటిని మరమ్మతుకు పంపిన వివరాలకు ప్రతి ఆసుపత్రీ ఒక రిజిస్టరు పెట్టాలని రెండు జిల్లాల వైద్యాధికారులను కోరుతున్నాను.

– ఒక రిటైర్డ్ థియేటర్ నర్సు, తిరుపతి