ఈ ఆదివారం రక్తదానం, రుయా ఆసుపత్రి దగ్గర భోజనాలు

అందరికీ ప్రభువు నామంలో వందనాలు.

ఈ ఆదివారం రెండో ఆరాధన అయ్యాక, 11 గంటలకు మన చర్చి హాల్లో రక్తదాన శిబిరం ఉంది. ఎండాకాలం కాలేజీలకు సెలవులివ్వగానే తిరుపతిలో రక్తం ఇచ్చే పిల్లలు ఊళ్లకు వెళ్లిపోతారు. తలసేమియా (ఒంట్లో రక్తం సరిగ్గా తయారుకాని పుట్టుజబ్బు) ఉన్న పిల్లలకు మాత్రం రెండు మూడు వారాలకోసారి రక్తం ఎక్కించాల్సిందే, వాళ్లకు సెలవులుండవు. అందుకే ఇప్పుడే పెట్టుకున్నాం.

18 నుంచి 65 ఏళ్ల లోపు, కనీసం 45 కిలోల బరువు, హిమోగ్లోబిన్ 12.5 ఉంటే ఇవ్వొచ్చు. మగవాళ్లు ఇచ్చి మూడు నెలలు, ఆడవాళ్లు నాలుగు నెలలు దాటి ఉండాలి. యాంటీబయాటిక్స్ వాడుతున్నా, ఈ ఏడాదిలో టాటూ వేయించుకున్నా డాక్టరు గారికి ముందే చెప్పండి. దాచొద్దు, దయచేసి.

ఖాళీ కడుపుతో రావద్దు! పోయినసారి ఉపవాసంతో వచ్చిన ఒక తమ్ముడికి కళ్లు తిరిగాయి, అందరం భయపడ్డాం. ఇడ్లీ అయినా తిని, నీళ్లు బాగా తాగి రండి.

మధ్యాహ్నం రుయా ఆసుపత్రి దగ్గర రోగులకు తోడుగా వచ్చినవాళ్లకు భోజనం. స్త్రీల సమాజం అక్కలు ఉదయం 6కే వంటకు రావాలి. యూత్ తమ్ముళ్లు 12:30కి ఆటోలో గిన్నెలు ఎక్కించాలి. చాలామంది పల్లెల నుంచి వచ్చి వరండాల్లోనే పడుకుంటారు, కాస్త పలకరించి వడ్డించండి.

రక్తం ఇచ్చేవాళ్లు శుక్రవారం రాత్రిలోగా ఇక్కడే పేరు, బ్లడ్ గ్రూపు పెట్టండి. ఆధార్ కార్డు మరచిపోవద్దు.