మెయిల్ కాదు తల్లీ, ఫోన్ చెయ్యి

చిట్టితల్లీ,

కడుపుతో ఉన్నదానివి, రెండు రోజులు తలనొప్పి తగ్గకపోతే డాక్టరమ్మకు మెయిల్ పెట్టి, జవాబు కోసం ఎదురుచూస్తూ కూర్చున్నానని చెప్పావు. బీపీ మామూలుగానే ఉందని తేలింది కాబట్టి సరిపోయింది, కానీ ఆ మాట విన్నప్పటి నుంచి నా మనసు మనసులో లేదు.

గర్భం 20 వారాలు దాటాక తగ్గని తలనొప్పి, కళ్ల ముందు మెరుపులు, కుడివైపు పక్కటెముకల కింద నొప్పి, ఉన్నట్టుండి ముఖం, చేతులు వాయడం, వీటిలో ఏ ఒక్కటి వచ్చినా బీపీ సంగతి వెంటనే చూడాలి. 140/90కి చేరితే ఆ రోజే డాక్టరుకు తెలియాలి. 160/110 అయితే ఫోన్ చేస్తూనే ఆసుపత్రికి బయల్దేరాలి. బిడ్డ కదలికలు తగ్గాయనిపించినా అంతే, అర్ధరాత్రయినా సరే ఫోన్ చెయ్యి, పొద్దున చూద్దాంలే అనుకోకు. మాటిమాటికీ ఫోన్ చేస్తే ఏమనుకుంటారోనని నీకు మొహమాటం. డ్యూటీలో ఉన్నవాళ్లు ఉన్నదే అందుకమ్మా.

ఫోన్ ఎత్తగానే ముందు ఎన్నో వారమో చెప్పు. "కొంచెం బ్లీడింగ్ అవుతోంది" అంటే వాళ్లకు ఏమీ తెలియదు. ఎప్పుడు మొదలైంది, ఎర్రగా ఉందా, గోధుమ రంగులో ఉందా, ప్యాడ్ తడిసిందా, మరక మాత్రమేనా, నొప్పి ఉందా, ఇవన్నీ చెప్పాలి. నీది నెగెటివ్ బ్లడ్ గ్రూపు కదా, అడక్కపోయినా ఆ మాట చెప్పు. బ్లీడింగ్ అయితే బిడ్డ రక్తానికి ఎదురుగా నీ ఒంట్లో యాంటీబాడీలు పుట్టకుండా ఆపే యాంటీ-డి ఇంజెక్షన్ 72 గంటల లోపు ఇవ్వాల్సి రావచ్చు. ఇంకోటి, ఫోన్ అల్లుడిగారి చేతికి ఇవ్వకుండా వీలైనంతవరకు నువ్వే మాట్లాడు. నీ గొంతులో నీరసం, ఆయాసం వాళ్ల చెవిన పడాలి. వాళ్లు చెప్పిన మందు పేరు, ఎన్ని పూటలు వేసుకోవాలో కాగితం మీద రాసుకుని, పెట్టేసేముందు ఒకసారి చదివి వినిపించు.

మెయిల్ వద్దనడం లేదు. స్కాన్ రిపోర్టు పంపడానికి, ఐరన్ మాత్రతో మలబద్ధకం వస్తే మార్చమని అడగడానికి, చెకప్ తేదీకి అదే మంచిది. జవాబు రాతలో ఉంటుంది, మర్చిపోయినా మళ్లీ చూసుకోవచ్చు. ఒకటి రెండు రోజులు ఆగినా ఫరవాలేదనిపించేది మాత్రమే మెయిల్‌లో రాయి.

రాత్రిపూట ఏ నంబరుకు చెయ్యాలో ఈసారి చెకప్‌కు వెళ్లినప్పుడు అడుగు. లేబర్ రూమ్ నంబరు కూడా తీసుకుని, రెండూ అల్లుడిగారి ఫోన్‌లో వేయించు. నాకూ పంపు.

ప్రేమతో,
అమ్మ