ప్రవరుడి కథను సగంలో ఆపకండి

ఎడిటర్ గారికి నమస్కారం.

మన పిల్లలు కావ్యాలు చదువుతున్న తీరు చూస్తే బాధేస్తోంది. ఒక పద్యం, ప్రతిపదార్థం, భావం, చివర్లో ఒక ముక్క నీతి. పరీక్షలో ఆ ముక్క రాస్తే మార్కులు పడతాయి, ఆ తర్వాత గైడు పాత పేపర్లతో పాటు తూకానికి పోతుంది.

అల్లసాని పెద్దన రాసిన మనుచరిత్రనే తీసుకోండి. పెద్దన మనకు పరాయివాడు కాడు, మన కడప జిల్లా కమలాపురం దగ్గరి కోకటం రాయలవారు ఆయనకిచ్చిన అగ్రహారమే. ప్రవరుడి గురించి ఏ పిల్లవాణ్ణి అడిగినా 'ఇంద్రియ నిగ్రహం' అని ఠక్కున చెప్తాడు. తప్పని అనను. కానీ అంతకుముందు ఏం జరిగిందో చూడండి. ఊరు కదలని మనిషి, ఇంటికొచ్చిన అతిథులకు అన్నం పెట్టి వాళ్లు తిరిగిన చోట్ల కబుర్లు అడిగి అడిగి వినేవాడు, ఒక సిద్ధుడు కోరిన చోటికి చేర్చే పసరు కాళ్లకు పూయగానే హిమాలయాలకు వెళ్లిపోయాడు. అక్కడ మంచుకు పసరు కరిగిపోయింది, తిరిగొచ్చే దారి లేదు. అంత నిష్ఠాపరుడిలో కూడా లోకం చూడాలన్న కోరిక ఎంత బలంగా ఉందో పెద్దన చూపిస్తే, మనం దాన్ని దాటేసి నీతి దగ్గరికి పరిగెడుతున్నాం.

హిమాలయాల్లో ప్రవరుణ్ణి చూసి మనసుపడిన, అతను కాదన్న అప్సరస వరూధిని సంగతి ఇంకా అన్యాయం. 'అంతలేసి కళ్లున్నాయి కదా, దారి ఒకరిని అడగడమెందుకు' అని ఆమె ప్రవరుణ్ణి ఆటపట్టించే పద్యం చాలామందికి నోటికొచ్చు. ప్రవరుడు అగ్నిదేవుణ్ణి వేడుకుని ఇల్లు చేరాక ఆమె ఏమైందో మాత్రం ఎవరూ చెప్పరు. ఆమె అంతకుముందు కాదన్న గంధర్వుడు ప్రవరుడి రూపంలో వచ్చి మోసం చేశాడు. ఫేక్ ప్రొఫైల్‌తో అమ్మాయిలను మోసం చేసేవాళ్ల వార్తలు రోజూ చదువుతున్న మనకు ఇది పాత కథ ఎట్లా అవుతుంది? వాళ్లిద్దరికీ పుట్టిన స్వరోచి కొడుకే కావ్యం పేరులో ఉన్న మనువు. పాఠం ఆపేసిన చోటు తర్వాతే ఇదంతా ఉంది.

ఎవరికి తోచిన అర్థం వాళ్లు చెప్పుకోమని నేననడం లేదు. వరూధినిదే తప్పు అనేవాళ్లు ఏ పద్యం చూసి అంటున్నారో చూపించాలి, కాదనేవాళ్లూ అంతే. ఇరవై ఏళ్ల వయసులో ప్రవరుడి వైపు నిలబడి చదివినవాళ్లు, ఆడపిల్లను పెంచి పెద్దచేశాక చదివితే వరూధిని ఏడుపు దగ్గర ఆగిపోతారు. కావ్యం నుంచి బతుక్కి పనికొచ్చేది అట్లా వస్తుంది గానీ, గైడులోని నీతి వాక్యం నుంచి రాదు.

1820లో ఉద్యోగం మీద కడపకు వచ్చిన ఆంగ్లేయ అధికారి సి.పి. బ్రౌన్, సొంత డబ్బు పెట్టి, పండితులను కూర్చోబెట్టి తాళపత్రాలకు మంచి ప్రతులు రాయించాడు. మనుచరిత్రకు జూలూరి అప్పయ్య చేత వ్యాఖ్యానం రాయించిందీ ఆయనే. ఆయన బంగళా ఉన్న చోటే ఇప్పుడు బ్రౌన్ గ్రంథాలయం ఉంది. అక్కడ ఆదివారం పూట ఒక గంట, కాలేజీ పిల్లలను, ఇంటి దగ్గరుండే ఆడవాళ్లను, రిటైరైనవాళ్లను కూర్చోబెట్టి కావ్యంలోని ఒక్కో ఆశ్వాసం (అధ్యాయం) గట్టిగా చదివించి, మామూలు తెలుగులో అర్థం చెప్పించి, ఆ తర్వాత వాళ్లనే మాట్లాడనివ్వాలని నా కోరిక. పెద్ద ఖర్చేమీ కాదు. మైకు, శాలువాలు, సన్మానాలు అక్కర్లేదు. మీ పేపరు కూడా వారానికో పద్యం వేసి, కింద నీతి రాయకుండా, పాఠకుల ఉత్తరాలకు చోటిస్తే మా ఊరి నుంచి తప్పకుండా రాస్తాం.

ఇట్లు,
ఒక పాఠకురాలు, కడప