మా అబ్బాయి సంతకం లేకుండానే మంత్రి గారికి రాస్తున్న లేఖ

గౌరవనీయులైన రాష్ట్ర క్రీడా శాఖ మంత్రి గారికి, విజయవాడ నుంచి ఒక మాస్టర్స్ పవర్‌లిఫ్టర్, అంటే పెద్ద వయసువారి బరువులెత్తే పోటీల్లో పాల్గొనేవాడు, నమస్కరించి చేసుకుంటున్న విన్నపం.

అయ్యా, వ్యాయామశాలల్లో 50 దాటిన సభ్యులకు కొత్త షరతులు పెట్టారు: కుటుంబ సభ్యుని అంగీకార పత్రం తేవాలి, మధ్యాహ్నం ముప్పావు గంటే సాధన చేయాలి, బరువుల బారును ఆనించే ఇనుప చట్రం, అంటే ర్యాక్, ఉన్న గదిలోకి వెళ్లకూడదు. వాటి గురించి మీకు నేను విడమరచి చెప్పనక్కరలేదు. అవి ఎక్కడ తయారయ్యాయో, ఎవరి చేతుల మీదుగా మా దాకా వచ్చాయో నాకంటే మీకే బాగా తెలుసు. వాటి మీద మేము అర్జీలు ఇచ్చాము. సోమవారం నాడు వరుసలో నిలబడి ఇచ్చాము, రిజిస్టరు పోస్టులో పంపాము, వేదికల మీద పూలదండల మధ్య ఉన్నవారి చేతుల్లో కూడా పెట్టాము. కొన్నాళ్లకు ఫోనుకు "మీ సమస్య పరిష్కరించబడినది" అని సందేశం వచ్చేది. ఏమి పరిష్కారమైందో చూద్దామని మర్నాడు వెళితే ర్యాక్ ఉన్న గదికి అదే తాళం వేలాడుతూ ఉండేది. కిందటేడు ఒక సభలో ఒక పెద్ద అధికారి "సంక్రాంతికల్లా సరిచేస్తాం" అని మైకులోనే ప్రకటించారు. ఏ సంక్రాంతికో చెప్పలేదు కనుక ఆయన మాట తప్పారని నేను అనలేను.

నాకు అరవై దాటాయి. బస్సు గ్యారేజీలో మెకానిక్‌గా పనిచేసి పదవీ విరమణ పొందాను. పవర్‌లిఫ్టింగులో, అంటే బారును భుజాన మోస్తూ కూర్చుని లేచే స్క్వాట్, పడుకుని ఛాతీ మీది నుంచి తోసే బెంచ్ ప్రెస్, నేల మీది నుంచి లేపే డెడ్‌లిఫ్ట్ అనే మూడు ఎత్తుల పోటీలో, 40 ఏళ్ల నుంచి మాస్టర్స్ విభాగం మొదలవుతుంది. ఆపైన పదేళ్లకొక తరగతి చొప్పున 70 దాటినవారికి కూడా పోటీ ఉంటుంది. రా విభాగానికి, అంటే నడుముకు బెల్టు, మోకాళ్లకు స్లీవ్స్, మణికట్టుకు పట్టీలు తప్ప ఇంకే తోడూ లేని ఈ విభాగానికి, 2013 నుంచి ప్రపంచ చాంపియన్‌షిప్పులు జరుగుతున్నాయి. ప్రపంచం 70 ఏళ్లవారికి బరి గీసి పిలుస్తుంటే, మా వ్యాయామశాల 50 దాటిన వారిని గుమ్మం దగ్గరే ఆపి "మీ అబ్బాయి సంతకం ఏది?" అని అడుగుతోంది.

వైద్యుని ధ్రువపత్రం అడగడం సబబే. నేను ఈసీజీతో సహా ఇచ్చాను, ప్రతి ఏడూ ఇస్తాను. కానీ కుటుంబ సభ్యుని అంగీకార పత్రం అన్నదానికి అర్థం ఏమిటో మీరే సెలవివ్వాలి. ఉద్యోగం చివరి రోజుల్లో కూడా బస్సు కింద పడుకుని గేర్ బాక్సు దించాను. అప్పుడు మా అబ్బాయిని ఎవరూ అడగలేదు. శాసనసభకు పోటీ చేయడానికి 25 ఏళ్లు నిండాలన్నారే గానీ, అరవై దాటిన అభ్యర్థి నామినేషన్‌తో పాటు కొడుకు చేత సంతకం పెట్టించుకు రావాలని రాజ్యాంగం ఎక్కడా చెప్పలేదు. నూట ఇరవై కిలోల బారు భుజాన వేసుకోవడానికి మాత్రం నేను మైనరునయ్యాను. మా అబ్బాయి బెంగళూరులో ఉంటాడు, మంచివాడు, అందరి పిల్లల్లాగే భయస్తుడు. "ఈ వయసులో నీకిది అవసరమా నాన్నా?" అంటాడు. వాడికి నచ్చజెప్పడం మా ఇంటి సంగతి, ఎప్పటికో నచ్చజెబుతాను. దానికీ వ్యాయామశాల తలుపుకూ ముడి ఎందుకు పెట్టారు? నాతో పాటు ఎత్తే మరొక ఆయనకు సంతానం లేదు. ఆయన ఎవరి సంతకం తేవాలని అడిగితే అక్కడి గుమాస్తా "ఆ గడి ఖాళీగా ఉంటే ఫారం చెల్లదు" అన్నాడు.

పోనీ, సంతకం ఎలాగో సంపాదించుకున్నవారికైనా దారి తెరిచారా అంటే, వారికి మధ్యాహ్నం పన్నెండు తర్వాత ముప్పావు గంట కేటాయించారు. ఉదయం, సాయంత్రం పోటీలకు తయారయ్యే యువకులవట. మేము కూడా పోటీలకే తయారవుతున్నామన్న మాట ఎవరి చెవికీ ఎక్కలేదు. రోహిణి కార్తెలో రోళ్లు పగిలే ఈ ఊళ్లో, రేకుల కప్పు కింద, ఆ వేళకు బారు పట్టుకుంటే అరచేయి చురుక్కుమంటుంది, చాక్ పొడి నిమిషంలో చెమటకు ముద్దవుతుంది, డెడ్‌లిఫ్ట్‌లో పట్టు జారిపోతుంది. చేతిని బారుకు కట్టేసే స్ట్రాపులు చుట్టుకోవచ్చు కదా అని శిక్షకుడు సలహా ఇచ్చాడు. పోటీలో స్ట్రాపులు నిషిద్ధమని ఆయనకు నేను చెప్పాల్సి వచ్చింది. ఇక ఆ ముప్పావు గంట సంగతి. ఇరవై ఏళ్ల కుర్రాడు రెండు సెట్లతో ఒళ్లు వేడెక్కించుకుంటాడు. నా మోకాళ్లు, తుంటి అలా వినవు. ఖాళీ బారుతో మొదలుపెట్టి, అరవై, ఎనభై, వంద అంటూ మెట్టుమెట్టుగా ఎక్కాలి. బరువు పెరిగిన కొద్దీ సెట్టుకూ సెట్టుకూ మధ్య ఐదు నిమిషాలైనా ఆగాలి. అసలు బరువు దగ్గరికి వచ్చేసరికి "టైమ్ అయిపోయింది మాస్టారూ" అని లైట్లు తీసేస్తారు.

అన్నిటికంటే ముఖ్యమైనది ఇప్పుడు చెబుతాను, దయచేసి దీన్నైనా మీరు స్వయంగా చదవండి. ఈ షరతులన్నీ మా భద్రత కోసమే అంటున్నారు. ఉదయం వేళ కుర్రాళ్లతో కలిసి ఎత్తేటప్పుడు నేను బెంచ్ మీద పడుకుంటే, చెప్పకుండానే ఒకడు తల దగ్గర నిలబడి "ఎత్తు బాబాయ్, నేనున్నా" అనేవాడు. ఇప్పుడు మమ్మల్ని వారి నుంచి వేరుచేసి, శిక్షకుడు భోజనానికి వెళ్లే వేళకు మార్చారు. బెంచ్ ప్రెస్‌లో బారును ఛాతీ మీదకు దించి, కదలకుండా ఆపి, రిఫరీ "ప్రెస్" అన్నాకే పైకి తోయాలి. సాధనలో కూడా ఆ ఆగడం అలవాటు చేసుకోకపోతే పోటీలో ఎర్ర లైట్లే, ఆ ఎత్తు చెల్లదు. వేరే విభాగంలో తొడిగే బిగుతు చొక్కా బారును కొంత తిరిగి తోస్తుంది. మా రా విభాగంలో ఛాతీకీ బారుకూ మధ్య ఉండేది మామూలు టీషర్టే. ఎనభై కిలోలు ఛాతీ మీద ఆగిపోతే, పట్టుకునే మనిషి లేని గదిలో, అరవై దాటినవాడి గతి ఏమిటి? ఆ రోజుకు మా అబ్బాయి సంతకం ఎవరిని కాపాడుతుంది, నన్నా, మీ కార్యాలయాన్నా?

ఇక ర్యాక్ గదికి తాళం ఎందుకంటే, పెద్దవారికి స్మిత్ మెషీన్ చాలునట. అందులో బారు రెండు పట్టాల మధ్య జారుతుంది, మనిషి అటూ ఇటూ తూలినా అది తూలదు. పోటీలో పట్టాలు ఉండవు. బారును భుజాల మీద మోస్తూ వెనక్కి అడుగులు వేసి, స్థిరంగా నిలబడి, తుంటి మడత మోకాలి పైభాగం కంటే కిందికి దిగేలా కూర్చుని లేవాలి. ముగ్గురు రిఫరీలలో ఇద్దరైనా తెల్ల లైటు వెలిగిస్తేనే లెక్క. మెషీన్ మీద ఎన్నాళ్లు చేసినా ఆ నిలకడ రాదు. నిజానికి ఈ వయసులో మాకు కావలసింది ఆ నిలకడే. 65 దాటినవారు వారానికి మూడు రోజులైనా కండబలాన్నీ, ఒంటి నిలకడనూ పెంచే వ్యాయామం చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లోనే చెప్పింది.

సామగ్రి గురించి కూడా ఒక మాట. బయట మాకు వదిలిన బారు వంగిపోయింది. నేల మీద దొర్లిస్తే ఎగిరెగిరి పడుతుంది, ముప్పై ఏళ్లు షాఫ్టులు చూసిన కన్ను నాది. ఇరవై అని అచ్చుపోసిన ప్లేట్లను ఆటోనగర్‌లో తూకం వేయిస్తే ఒకటి పందొమ్మిది పైచిలుకు, మరొకటి ఇరవై ఒకటి తూగాయి. పోటీలో ఆ ప్లేటుకు 50 గ్రాములకు మించి తేడా ఉండకూడదు. నేనేం ఎత్తుతున్నానో నాకే తెలియకుండా పోటీలో ఎత్తబోయే బరువులను రెండున్నర కిలోల లెక్కలో ఎలా రాయించుకోవాలి? అయినా దీని మీద మేము పోట్లాడటం లేదు, తాళం తీస్తే లోపల మంచి బారు ఉంది.

వెయిట్‌లిఫ్టర్ దండమూడి రాజగోపాలరావు గారి పేరును ఇండోర్ స్టేడియానికి పెట్టుకున్న ఊరు ఇది. పక్కనే మంగళగిరిలో ఆడపిల్లలు పవర్‌లిఫ్టింగు చేసి పతకాలు తెస్తున్నారు. వారికి మీరు సన్మానాలు చేస్తే మేము కూడా చప్పట్లు కొడతాం. మాకు సన్మానం వద్దు, నగదు ప్రోత్సాహకం వద్దు, ఉద్యోగ కోటా ఎలాగూ వద్దు. ఎంట్రీ ఫీజు, రైలు టికెట్టు మా పింఛనులోంచే పెట్టుకుంటున్నాం. మమ్మల్ని కుర్రాళ్ల వేళల్లోకి మళ్లీ రానివ్వండి, తాళం తీయించండి, ఆ అంగీకార పత్రాన్ని రద్దు చేయండి. అన్నీ ఒకేసారి కుదరవంటే ముందు కుర్రాళ్ల వేళల్లోకి రానివ్వండి, అదొక్కటి చేసినా బెంచ్ దగ్గర మనిషి ఉంటాడు.

రాష్ట్ర పోటీలు దగ్గరపడుతున్నాయి. దీనికి జవాబు ఫోనుకు సందేశంగా పంపవద్దని ప్రార్థన. ఉత్తర్వు కాగితాన్ని వ్యాయామశాల నోటీసు బోర్డుకు అంటించమనండి. అక్కడ ఏ పూట చూసినా మాలో ఒకరం బయట బల్ల మీద కూర్చునే ఉంటాం.

ఇట్లు,
భవదీయుడు,
ఒక మాస్టర్స్ పవర్‌లిఫ్టర్, విజయవాడ.