కీరవాణి గారు మాట్లాడలేదు, పాడారు

కొవ్వూరు,
26 మార్చి 2023.

మిత్రమా,

నీ ఉత్తరానికి ఇంత ఆలస్యంగా జవాబు రాస్తున్నందుకు ఏమీ అనుకోకు. ఇక్కడ అందరం కులాసా. నాన్నగారి కంటి ఆపరేషన్ బాగానే జరిగింది, అకాల వర్షాలకు మామిడి పిందె రాలింది, చెల్లాయి సంబంధం సంగతి ఇంకా తేలలేదు. వీటన్నిటి గురించీ తీరిగ్గా మళ్ళీ రాస్తాను. నువ్వు ఓడ మీద ఉండి చూడలేకపోయిన ఆ ఆస్కార్ ఉదయం గురించి ముందు నీకు చెప్పాలి.

ఆర్ఆర్ఆర్ సినిమాకు కీరవాణి గారు బాణీ కట్టిన ‘నాటు నాటు’ పాట గెలిచిన కబురు ఈపాటికి నీకు అందే ఉంటుంది. కానీ ఆయన పుట్టిన ఈ ఊళ్ళో ఆ కబురు ఎలా వినబడిందో నీకు ఎవరు చెబుతారు? 13వ తేదీ తెల్లవారుజామున ఐదున్నరకు ప్రసారం మొదలయ్యేసరికే వీధిలో సగం మంది మా మేడగదిలో చేరారు. దీపికా పదుకొణె పాటను పరిచయం చేయడం, రాహుల్ సిప్లిగంజ్, కాలభైరవ వేదిక మీద గొంతెత్తడం, పాట ముగియగానే డాల్బీ థియేటర్‌లో ప్రేక్షకులు లేచి నిలబడి చప్పట్లు కొట్టడం, ఇవన్నీ చూస్తూ అమ్మ చేతిలోని కాఫీ గ్లాసు మీద మీగడ కట్టినా గమనించుకోలేదు. అయితే కుర్రవాళ్ళు అప్పుడే ఒక మాట పట్టుకున్నారు. మన పాటకు నాట్యం చేసేటప్పుడు ఆ బృందంలో మనవాళ్ళు కనబడకపోవడమేమిటని వాళ్ళకు కోపం వచ్చింది. ఆ కోపం న్యాయమైనదేనని నాకు ఇప్పటికీ అనిపిస్తోంది.

పోటీలో లేడీ గాగా ఉంది, రిహానా ఉంది. జనవరిలో గోల్డెన్ గ్లోబ్ వచ్చినా, ఇది కూడా వస్తుందని పైకి అనడానికి ఎవరికీ ధైర్యం చాలలేదు. పేరు చదవగానే పుట్టిన కేక గురించి ఏం రాయను? మనం హాస్టల్ గోడ మీద బొగ్గుతో రాసిన ఆ నాలుగు అక్షరాలు తలుచుకో, చాలు, నీకు అర్థమవుతుంది.

అసలు సంగతి ఆ తర్వాత జరిగింది. కీరవాణి గారు, చంద్రబోస్ గారు వేదిక ఎక్కారు. తాను అమెరికా గాయక జంట కార్పెంటర్స్ పాటలు వింటూ పెరిగానని, ఇప్పుడు ఆస్కార్‌తో ఇక్కడ నిలబడ్డానని రెండు ముక్కలు చెప్పి, మిత్రమా, ఆయన పాట ఎత్తుకున్నారు! కార్పెంటర్స్ వారి ‘టాప్ ఆఫ్ ది వరల్డ్’ బాణీలో తన మాటలు పెట్టి, తనకూ రాజమౌళికీ కుటుంబానికీ ఉన్న కోరిక ఒక్కటేనని, ప్రతి భారతీయుడికీ గర్వకారణమైన ఆర్ఆర్ఆర్ గెలవాలన్నదే అదని పాడి వినిపించారు. మా గదిలో అందరూ ఒక్క క్షణం నోట మాట లేకుండా ఉండిపోయారు. తర్వాత చంద్రబోస్ గారు నమస్తే అనగానే మళ్ళీ కేకలు.

వాదన కూడా వెంటనే మొదలైంది. అంత పెద్ద వేదిక మీద తెలుగులో పాడవలసిందని ఒకరు, గోల్డెన్ గ్లోబ్ నాడు చెప్పినట్టు నాట్యం కూర్చిన ప్రేమ్ రక్షిత్‌తో సహా ఒక్కొక్కరి పేరూ చెప్పి ఉంటే బాగుండేదని ఇంకొకరు అన్నారు. నేను మాత్రం ఒప్పుకోలేదు. ఆ రోజు ఈ బహుమతి తనది కాదంటూ రాజమౌళి, రక్షిత్, చంద్రబోస్, కాలభైరవ, గాయకులు, నటులు అందరికీ పంచిపెట్టిన మనిషి, ఈ రోజు తనను చిన్నతనంలో పెంచిన పాటకు దండం పెట్టుకున్నారు. సంగీతం చేసేవాడు కృతజ్ఞత చెప్పుకోవడానికి బాణీని మించినది ఏముంటుంది? తర్వాత కొద్ది రోజులకే ఆ కార్పెంటర్స్ జంటలోని రిచర్డ్ కార్పెంటర్ తన కుటుంబంతో కలిసి పియానో ముందు కూర్చుని, అదే పాటను మాటలు మార్చి ఈయనను అభినందిస్తూ పాడి పంపారు. ఆస్కార్ హడావిడి అంతటా నిబ్బరంగా ఉన్న తన అన్నయ్య కీరవాణి అది చూసి కన్నీళ్ళు ఆపుకోలేకపోయారని రాజమౌళి రాశారు. అది చదివాక నాకూ ఆగలేదు.

అప్పటి నుంచి ఒక్కటే బాధ. 1997లో ‘అన్నమయ్య’ కేసెట్టు అరిగిపోయేదాకా విన్నాం కదా. ఆ బాలు గారు లేరు. కీరవాణి గారు గురువుగా తలుచుకునే వేటూరి గారూ లేరు. వాళ్ళు ఉండి ఉంటే ఆ సాయంత్రం ఏదో ఒక ఛానల్లో కూర్చుని... సరే, ఇది ఉత్తరంలో చెప్పేది కాదు.

సంగీత దర్శకుడు చక్రవర్తి గారి దగ్గర సహాయకుడిగా మొదలుపెట్టి, 1990లో ‘మనసు మమత’తో సంగీత దర్శకుడై, తమిళంలో మరకతమణిగా, హిందీలో ఎం.ఎం. క్రీమ్‌గా ముప్పై ఏళ్ళకు పైగా పని చేసిన మనిషిని లోకం ఇప్పుడే కనుక్కున్నట్టు మాట్లాడుతుంటే నాకు రోషం వస్తోంది. ఆయన పాటల్లో నీకు బాగా నచ్చిన పది ఏవో రాసి పంపు. నా జాబితా సిద్ధంగా ఉంది, మొదటిది ఏదో నీకు తెలుసు, దాని గురించి మాత్రం నాతో వాదించకు. ఇంకా రాహుల్ గొంతు గురించి చెప్పాలి, విమానాశ్రయంలో జనం...

బావ విశాఖ బయలుదేరుతూ వాకిట్లో తొందర పెడుతున్నాడు. ఈ ఉత్తరం మీ ఇంట్లో ఇస్తాడు.

నీ,
రెండో వైపు వాడు